విఠల్ ఇంటి రెండో ఎర్త్ గుంత

నా పదవీ విరమణకు ముందు ఏడాది, జూన్ నెల మొదట్లో, మా ప్లాంట్ హెడ్ నన్ను పిలిచి ఒక పని అప్పగించారు. పటాన్‌చెరు దగ్గరి ఒక మందుల ఫ్యాక్టరీలో అప్పుడు నేను ఇన్‌స్ట్రుమెంటేషన్ విభాగానికి డిప్యూటీ మేనేజర్‌ను. రియాక్టర్లలో ఉష్ణోగ్రత, పీడనం, ద్రవాల మట్టం కొలిచే పరికరాలన్నీ మా పరిధిలోకి వస్తాయి. అప్పగించిన పని మాత్రం ఫ్యాక్టరీలోది కాదు. ఎలక్ట్రికల్ ఫోర్‌మన్ విఠల్ ఆ నెలాఖరుకు రిటైరవుతున్నాడు. గుమ్మడిదల వైపు ఆయన ఊళ్ళో, ఆయన ఇంట్లో, ఒక మ్యూజిక్ సిస్టం బిగించి, నడిపించి, అప్పగించి రావాలి.

ఇది ఫ్యాక్టరీ నియమం కాదు, మా మెయింటెనెన్స్ వాళ్ళ ఆనవాయితీ. రిటైరయ్యే మనిషికి అందరం కలిసి ఒక వస్తువు ఇస్తాం. ఉంగరమో, బీరువానో, వాలు కుర్చీనో. నేను చేరకముందు ఒక ఫిట్టర్‌కు వాషింగ్ మెషీన్ ఇచ్చారట. వాళ్ళింట్లో దానికి నల్లా లేదు. చాలా కాలం తర్వాత ఎవరో పెళ్ళిపత్రిక ఇవ్వడానికి వెళ్ళి చూస్తే, విప్పని అట్టపెట్టె మీద ఉల్లిగడ్డలు ఆరబోసి ఉన్నాయి. అప్పటినుంచి ఏ వస్తువు ఇచ్చినా కొత్త యంత్రాన్ని ప్రొడక్షన్ వాళ్ళకు అప్పగించినట్టే అప్పగించాలని పెద్దలు తీర్మానించారు. ముందు స్థలం చూడాలి, బిగించాలి, పరీక్షించాలి, నడిపి చూపించాలి. ఆ తర్వాతే వాళ్ళింట్లో భోజనం. ఈ మొత్తాన్ని మేము కమిషనింగ్ అంటాం.

విఠల్ మ్యూజిక్ సిస్టం అడగడం అందరికీ వింతగానే తోచింది. ఆయన జీవితమంతా సబ్‌స్టేషన్‌లో, డీజిల్ జనరేటర్ల గదిలో గడిచింది. అక్కడ మాట వినాలంటే చెవిలో అరవాలి. ఒకరోజు మా ల్యాబ్‌లో ఒక ఇంజనీర్ మంచి హెడ్‌ఫోన్లు ఆయన చెవులకు తగిలించి వేణువు వినిపించాడట. "వాయించేటాయన ఊపిరి తీసుకున్నది ఇనవడ్డది మేడం. గాలి లోపటికి గుంజుకున్నడు, గప్పుడు పాట మొదలైంది. ఫోన్ల ఇన్నేళ్ళు ఇన్న గని, గా ఊపిరి ఎన్నడు ఇనలే" అన్నాడు నాతో. ఆ మాట విన్నాక కొనాల్సింది ఏమిటో నాకు అనుమానం లేకుండా పోయింది.

ఈ విద్య తెలియని వారికోసం రెండు మాటలు. ఇంటర్నెట్ నుంచి పాటను అప్పటికప్పుడు తెచ్చుకుని వినడాన్ని స్ట్రీమింగ్ అంటారు. ఫోన్‌లో మామూలుగా వచ్చే పాట ప్రయాణానికి వీలుగా కుదించింది. ఆ కుదింపులో మొదట పోయేవి విఠల్ చెప్పిన ఊపిరిలాంటి చిన్నచిన్న చప్పుళ్ళే. కుదించి వదిలేయకుండా, రికార్డు చేసినప్పటి అంకెలన్నిటినీ యథాతథంగా ఇచ్చే చందాలు ఇప్పుడు ఉన్నాయి. ఆ అంకెలను తెచ్చే పెట్టె స్ట్రీమర్. వాటిని తిరిగి శబ్దంగా మార్చే భాగం దానిలోనే ఉంటుంది. తర్వాత ఆంప్లిఫయర్, చివర రెండు స్పీకర్లు. నా ఉద్యోగమంతా ఉష్ణోగ్రతను అంకెలుగా మార్చి కంట్రోల్ రూంకు పంపడమే. ఇక్కడ అదే పని తిరగేసి చేయాలి. అందుకే నాకు అప్పగించారు.

స్థలం చూడటానికి వెళ్ళినప్పుడు విఠల్ భార్య అనసూయ గుమ్మంలోనే ఎదురొచ్చింది. మనిషి బక్కపలచన, మాట ఖచ్చితం. ఇంటి వెనక రెండెకరాల పొలం, ముందు పశువుల కొట్టం, మధ్యలో నల్లటి గ్రానైట్ పరిచిన కొత్త హాలు. ఆ హాల్లో ఒక గోడకు ఫ్రిజ్, దాని పక్కన సిస్టం కోసం విఠల్ వదిలిన చోటు. చప్పట్లు కొట్టి చూశాను. శబ్దం గోడల మధ్య తిరిగి తిరిగి వచ్చింది. రాతి నేల, కాంక్రీటు గోడలు ఉంటే ఎంత మంచి స్పీకర్ అయినా బావిలో పాడినట్టు ఉంటుంది. నేల మీద మందపాటి జంపఖానా పరచాలని, వెనక గోడకు బొంతలు వేలాడదీయాలని చెప్పాను.

"వానకు ఎండక గోడలకు ఏలాడేసిర్రు అంటరు సూసినోళ్ళు" అంది అనసూయ. అయినా పెట్టె తెరిచి, తాను కుట్టుకున్న వాటిలో మంచి రంగులున్న రెండు బొంతలు తీసి ఇచ్చింది.

విఠల్ నన్ను ఇంటి వెనక్కు తీసుకెళ్ళాడు. అక్కడ ఆయన గర్వమంతా ఒక సిమెంటు మూత కింద ఉంది. సిస్టం కోసం ప్రత్యేకంగా, కారిన కరెంటు నేలలోకి దిగిపోయేలా, ఎర్త్ గుంత తవ్వి, రాగి పలక దించి, బొగ్గు, ఉప్పు పొరలు పొరలుగా వేసి నింపాడు. ఇంటి పాత ఎర్త్ గుంత ముందువైపు ఉంది. దానికీ దీనికీ సంబంధం లేదు. మా ఫ్యాక్టరీల్లో కంట్రోల్ రూం పరికరాలకు ఇలా విడిగా ఎర్త్ ఇస్తారు. మోటర్ల ఎర్త్‌లో ఉండే గజిబిజి సున్నితమైన పరికరాలకు తగలకుండా అన్నమాట. దాన్ని క్లీన్ ఎర్త్ అంటారు. పారిశ్రామికవాడలో ఏ ఎలక్ట్రీషియన్‌ను నిద్రలో లేపి అడిగినా ఈ మాట చెబుతాడు.

రెండు గుంతలనూ ఎక్కడైనా కలిపారా అని అడిగాను. "కలిపేదుంటే ఇంకో గుంత ఎందుకు మేడం?" అని నవ్వాడు. ఒకే ఇంట్లోని ఎర్త్‌లన్నీ ఒకదానికొకటి కలిపి తీరాలని నియమం ఉందని చెప్పాను. ఫ్యాక్టరీలో తన చేతులతో తవ్విన గుంతల సంగతి తనకు తెలియదా అన్నాడు. ఎర్త్ టెస్టర్‌తో రెండు గుంతలనూ కొలిచాను. రెండూ బాగున్నాయి. రెండింటి మధ్య వోల్టేజీ చూశాను. మీటర్ దాదాపు సున్నా చూపించింది. చేతిలో అంకె లేకుండా ఒక ఫోర్‌మన్‌తో వాదించడం వృథా. పైగా అది ఆయన ఇల్లు.

ఆయన వీడ్కోలు సభ అయిన తర్వాతి ఆదివారం కమిషనింగ్ పెట్టుకున్నాం. మా వాళ్ళు ముగ్గురు వచ్చారు. వైఫై మీద ఆధారపడకుండా రౌటర్ నుంచి స్ట్రీమర్ దాకా కేబుల్ లాగాం, కరెంటు తీగలకు దూరంగా. స్పీకర్లను కూర్చున్న మనిషి చెవుల ఎత్తులో, కుర్చీతో కలిపితే సమాన త్రిభుజం వచ్చేలా నిలబెట్టాం. పని నడుస్తుండగా అనసూయ ఫ్యాన్ తిరగడం లేదని వచ్చి మెయిన్ బోర్డు మీద చెయ్యి వేయబోయింది. విఠల్ ఒక్క కేక పెట్టాడు. బోర్డుకు ఆయన కట్టిన ఎర్ర ట్యాగ్ వేలాడుతోంది. మనిషి పనిలో ఉన్నాడు, స్విచ్ వేయకూడదు అని దాని అర్థం. "ఎవరు కట్టిన ట్యాగ్ ఆళ్ళే ఇప్పాలె. ప్లాంట్ హెడ్ వచ్చినా సరే, ఇంకోడు ముట్టుకోవద్దు. గది మా ఖానూన్" అని భార్యకు వివరించాడు. ఆమె ఆ ఎర్ర ముక్కను కాసేపు చూసి, విసనకర్ర వెతుక్కుంటూ వెళ్ళింది.

సిస్టం మొదటిసారి మోగించినప్పుడు ఫోన్‌లో ఉన్నట్టే ఉంది. విఠల్ ముఖం వాడిపోయింది. యాప్‌లో డేటా పొదుపు అని ఒక అమరిక ఉంటుంది. కంపెనీవాళ్ళు దాన్ని ముందే ఆన్ చేసి పెడతారు. అది తీసేసి అత్యుత్తమ నాణ్యత ఎంచుకున్నాం. మళ్ళీ వేణువు పెట్టాం. ఊపిరి వినిపించింది. విఠల్ కళ్ళు మూసుకుని, అరచెయ్యి పైకెత్తి, అందరినీ ఆగమన్నట్టు సైగ చేశాడు. అంత పెద్ద హాల్లో ఎవరూ కదల్లేదు. నాకు చాలా సంతోషం కలిగింది. ఆ రోజు నాటుకోడి కూర తిని వచ్చాం.

రెండు వారాలు కాలేదు, అనసూయ ఫోన్ చేసింది. "మేడం, గా పెట్టె తుడుస్తుంటే చెయ్యి జివ్వుమంటది. ఈయనకు చెప్తే నీకు అనుమానం అంటున్నడు" అంది. ఫోన్ విఠల్ లాక్కున్నాడు. తాను పెట్టె ఒళ్ళంతా తడిమి చూశానని, ఏమీ లేదని చెప్పాడు. గొంతు తగ్గించి అసలు మాట అన్నాడు. "ఊర్ల ఎవరింట్ల కరెంటు పనున్నా నన్నే పిలుస్తరు. కరెంటోని ఇంట్లనే కరెంటు కొడుతున్నదంటే నా ఇజ్జత్ ఏం గావాలె?"

జివ్వుమనడం అంటే చిన్న విషయంలా వినిపిస్తుంది. కానీ నా వృత్తిలో అది చిన్న విషయం కాదు. ఈవేళ జివ్వుమన్నది, తడి చెయ్యి, తడి నేల కలిసిన రోజు మనిషిని పట్టేసుకోవచ్చు. ఆ ఆదివారమే వెళ్ళాను.

ఆంప్లిఫయర్ పెట్టెకూ ఫ్రిజ్‌కూ మధ్య మీటర్ పెట్టాను. ఏమీ లేదు. విఠల్ చేతులు కట్టుకుని నవ్వాడు. అనసూయ ముఖం ఎర్రబడింది. ఆమె అబద్ధం చెప్పే మనిషి కాదు. ఎప్పుడు జివ్వుమంటుంది అని అడిగాను. పొద్దున తుడిచేటప్పుడు అంది. అయితే పొద్దున ఎలా చేస్తారో సరిగ్గా అలాగే చేయండి, నేను చూస్తాను, కాకపోతే పెట్టెను మాత్రం ముట్టుకోకండి అన్నాను. ఆమె పెరట్లోకి వెళ్ళి, సంపు నుంచి మిద్దెమీది ట్యాంకుకు నీళ్ళెక్కించే మోటర్ వేసింది. తడి గుడ్డ పిండుకుని వచ్చింది. ఎడమ చెయ్యి ఫ్రిజ్ మీద ఆనించి, కుడి చేత్తో పెట్టెను తుడవబోతున్నట్టు నిలబడింది. నేను మీటర్ వైపు చూశాను. ముప్ఫై వోల్టులు దాటింది.

విషయం అర్థమైంది. మోటర్‌లో తేమ చేరి కరెంటు దాని ఒంట్లోకి కారుతోంది. అది ఇంటి ఎర్త్ గుంతలోకి పోతోంది. పోయే కరెంటుకు ఆ గుంత, దానికి కలిపిన ఫ్రిజ్ ఒళ్ళు, రెండింటి వోల్టేజీ పైకి లేస్తోంది. ఆంప్లిఫయర్ మాత్రం రెండో గుంతకు కట్టి ఉంది కాబట్టి సున్నా దగ్గరే ఉండిపోతోంది. ఆ రెండింటి మధ్య తేడా అనసూయ ఒంటిలోంచి పోతోంది. రెండు గుంతలూ కలిపి ఉంటే అన్నీ కలిసి లేస్తాయి, కలిసి దిగుతాయి. తేడా ఉండదు, మనిషికి ఏమీ కాదు. మోటర్ లైను పాత ఇంటి కాలంది. లీకేజీని పసిగట్టి ఆపే బ్రేకర్ దానికి లేదు.

విఠల్ వంగి మీటర్‌ను చూశాడు. తర్వాత, తప్పు మోటర్‌ది, రేపే రీవైండింగ్‌కు ఇస్తానన్నాడు. ఆ మాట నిజమే, కానీ సగమే నిజం. ఈ రోజు మోటర్, రేపు ఫ్రిజ్, ఎల్లుండి పిడుగు అని చెప్పాను. "మోటర్ బాగు చేయిస్త మేడం. ఆ గుంత జోలికి మాత్రం పోవద్దు. పాట అంత సాఫ్ వస్తున్నదంటే గా ఎర్త్ వల్లనే" అన్నాడు. ఆయన ఇప్పుడు నా కింద ఉద్యోగి కాదు. ఆదేశం ఇచ్చే అధికారం నాకు లేదు. అనసూయ తడి గుడ్డ పక్కన పెట్టింది. లోపలికి వెళ్ళి ఎర్ర జాకెట్ ముక్క ఒకటి తెచ్చింది. మెయిన్ బోర్డులో సిస్టం స్విచ్ దించి, ఆ గుడ్డపేలిక దానికి చుట్టి, రెండు ముళ్ళు వేసింది.

"ఎవరు కట్టింది ఆళ్ళే ఇప్పాలన్నవ్ గద. నేను కట్టిన. మేడం చెప్పినట్టు రెండు గుంతలు కలిస్తేనే ఇప్పుత" అంది.

విఠల్ నా వైపు చూశాడు. నవ్వు ఆపుకోవడం నాకు కష్టమైంది. ఆమె ఏమాత్రం నవ్వలేదు. "ఇన్ని దినాలు నా చెయ్యి చెప్తే ఇనలే. మీటర్ చెప్తే ఒక్క నిమిషంల నమ్మినవ్. నా చెయ్యికంటే గా డబ్బానే ఎక్కువైందా నీకు?" అంది భర్తతో. నాకు నవ్వు పోయింది.

ఆ తర్వాతి రోజుల గురించి ఆయన నాకు ఫోన్‌లో చెప్పాడు. మోటర్ బాగై వచ్చింది. బిగించాడు. కొత్త బ్రేకర్ కూడా పెట్టాడు. మీటర్ సున్నా చూపించింది. అనసూయ ముడి విప్పలేదు. హాల్లో కుర్చీలో కూర్చుని, మూగగా ఉన్న స్పీకర్లను చూస్తూ టీ తాగుతున్నానన్నాడు. ఆ గుడ్డపేలికను లాగెయ్యడానికి క్షణం పట్టదు. ఇంట్లో అడగడానికి పైఅధికారీ లేడు. కానీ సర్వీసంతా ఇంకొకరి ట్యాగ్ మీద చెయ్యి వేయని మనిషి ఆయన. మా ప్లాంట్‌లో ఒకసారి ఒక ఫిట్టర్ ట్యాగ్ కట్టి మరిచిపోయి ఇంటికి వెళితే, విఠల్ బండి వేసుకుని జోగిపేట దాకా పోయి అతన్ని తీసుకొచ్చి విప్పించాడు. "మీరొక్క మాట చెప్పుండ్రి మేడం, ఇప్పుతది" అని నన్ను బతిమాలాడు. ఆ ట్యాగ్ నాది కాదు, నేను చెప్పలేను అన్నాను. కావాలంటే ప్లాంట్‌కు రండి, ఒకటి చూపిస్తాను అన్నాను.

మర్నాడే వచ్చాడు. ఇన్నేళ్ళు తల కూడా వంచకుండా దాటిన గేటు దగ్గర విజిటర్ పాస్ రాయించుకుని, మెడలో వేసుకున్నాడు. కంట్రోల్ రూం నేల కింద కేబుళ్ళు పోయే అర ఉంటుంది. అక్కడికి ఇన్‌స్ట్రుమెంటేషన్ వాళ్ళు తప్ప ఎవరూ దిగరు. ఎలక్ట్రికల్ వాళ్ళ పని బయట గుంతతో, గోడ దాకా తెచ్చిన రాగి పట్టీతో అయిపోతుంది. నేను పలక ఎత్తి, టార్చ్ వేసి చూపించాను. క్లీన్ ఎర్త్ పట్టీ ఒకటి, కరెంటు ఎర్త్ పట్టీ ఒకటి. రెండింటి మధ్య, బొటనవేలంత లావున, ఒక పచ్చ తీగ. ఒకే ఒక్క చోట కలుపుతారు, ఎన్ని గుంతలున్నా కలుపుతారు. పైన నిలబడి చూసేవాళ్ళకు కనిపించేవి విడివిడి గుంతలే.

విఠల్ మోకాళ్ళ మీద కూర్చుని, పచ్చ తీగను రెండు చివరలా పట్టి చూశాడు. బోల్టు బిగువుగా ఉందో లేదో కూడా చూశాడు. "ఇది ఎప్పటిసంది ఉన్నది?" అన్నాడు. ప్లాంట్ కట్టినప్పటినుంచి అన్నాను. లేచి, మోకాళ్ళు దులుపుకుని, "ఎంతమంది పోరగాండ్లకు కలపొద్దని చెప్పిన్నో" అన్నాడు. నాకు బాధ కలిగింది. ఫ్యాక్టరీలో ఆయన చెప్పినదాని వల్ల ఎవరికీ ఏమీ కాలేదు, ఎందుకంటే ఈ తీగ ఉంది అని చెప్పాను. ఇళ్ళల్లో ఈ తీగ ఉండదు, ఆ ఒక్కమాట చెప్తే చాలు అన్నాను. క్యాంటీన్‌లో టీ ఇప్పించబోతే వద్దని వెళ్ళిపోయాడు.

ఆ వారం చివర నన్ను రమ్మని ఫోన్ చేసింది అనసూయే. నేను వెళ్ళేసరికి ఇంటి ముందు గుంత నుంచి వెనక గుంత దాకా, ఇంటి చుట్టూ, కాలువ తవ్వి ఉంది. అందులో ఇనుప పట్టీ పరిచి, రెండు చివరలా బోల్టులు బిగించి, తుప్పు పట్టకుండా నల్ల రంగు పూశాడు. పని విఠల్ పనే, ఎక్కడా వంక పెట్టలేం. నేను చూసేదాకా మట్టి కప్పవద్దని అలాగే ఉంచాడట. పక్కింటివాళ్ళు ఇద్దరు నిలబడి చూస్తున్నారు. ఏం పని అన్నా అని వాళ్ళు అడిగితే విఠల్ దాచుకోలేదు. "తప్పు కట్టిన. మా ఆమెకు కరెంటు తగిలింది. ఇప్పుడు సరి చేస్తున్న. మీ ఇంట్ల గూడ రెండు గుంతలు ఉంటే చెప్పుండ్రి, వచ్చి కలుపుత" అన్నాడు.

కొలవాల్సినవన్నీ కొలిచాను. బాగైన మోటర్ ఎలాగూ కారదు కాబట్టి, పరీక్ష కోసం ఫ్రిజ్ లైనులోంచి ఒక తక్కువ కరెంటును కావాలని ఎర్త్‌లోకి పంపి చూశాను. ఫ్రిజ్‌కూ ఆంప్లిఫయర్‌కూ మధ్య మీటర్ కదల్లేదు. ఇక అప్పగింత మిగిలింది. ఫ్యాక్టరీలో ఆ యంత్రాన్ని వాడే విభాగం మనిషి ముందుకొచ్చి, చూసి, తీసుకున్నాం అని చెప్పాలి. బిగించినవాళ్ళు చెప్తే చెల్లదు. మొదటిసారి ఆ మాట విఠలే చెప్పాడు. ఈసారి ఆయన పక్కకు జరిగి, భార్యకు దారి ఇచ్చాడు.

అనసూయ మీటర్ వైపు చూడలేదు. మోటర్ వేసి వచ్చింది. తడి గుడ్డ పిండింది. ఎడమ చెయ్యి ఫ్రిజ్ మీద పెట్టింది. విఠల్ ఆమెకంటే ముందు తన చెయ్యి ఆంప్లిఫయర్ మీద పెట్టి, కాసేపు ఉంచి, తీశాడు. అప్పుడు ఆమె పెట్టెను నాలుగువైపులా తాపీగా తుడిచింది. వెనక్కు కూడా తిప్పి తుడిచింది. "ఏం లేదు" అంది. బోర్డు దగ్గరికి వెళ్ళి పేలిక విప్పింది. ముళ్ళు బిగుసుకుపోయి పళ్ళతో లాగాల్సి వచ్చింది.

ఏం పెట్టమంటావని విఠల్ అడిగాడు. ఇన్నాళ్ళూ ఆమెను ఆ మాట అడగలేదట. షెహనాయి పెట్టమంది, తన పెళ్ళిలో మోగినది మళ్ళీ సరిగ్గా వినలేదని. పెట్టాడు. పాటలో ఏ లోపమూ లేదు. రెండు ఎర్త్‌లూ కలిశాక శబ్దం ముందెంత సాఫ్‌గా ఉందో ఇప్పుడూ అంతే ఉంది. విఠల్ ఆ సంగతి గమనించి నా వైపు చూసి తల ఊపాడు. అనసూయ కుర్చీలో కూర్చుంది, త్రిభుజం కొసన. ఆయన గోడకు ఆనుకుని, బొంత పక్కన నిలబడి విన్నాడు.

నా సర్వీసులో మిగిలిన ఏడాదిలో ఏ ప్యానెల్ అప్పగించినా, కొలతలన్నీ అయ్యాక రెండు ప్రశ్నలు అడిగేదాన్ని. దీన్ని రోజూ తుడిచేది ఎవరు? వాళ్ళు తుడిచే వేళకు పక్కన ఏ యంత్రం నడుస్తుంది? ఆ తుడిచే ఆమెను పిలిపించి, ఆ యంత్రాన్ని నడిపించి, ఆమె సరే అన్నాకే సంతకం పెట్టాను. వద్దనే హక్కు కూడా ఆమెకు ఇచ్చాను. ఆ హక్కు లేని చోట మా మీటర్లన్నీ ఆగి ఉన్న మోటర్‌నే కొలుస్తాయి, సున్నానే చూపిస్తాయి.